డబ్బిచ్చి వేయించు పత్రికా ప్రకటన - దాని ప్రయోజన మెంత?

పోచంపల్లి సంతను ఎరుగని వారు మన కృష్ణగిరి జిల్లాలో అరుదు. ఆదివారమునాడు అక్కడ కొంతసేపు నిలుచున్నచో ఒక మంచి పాఠము ఉచితముగా లభించును. గొంతు చించుకొని అరచు వర్తకు డొకడు కనబడును. అరవకుండగనే పదిమందిని చుట్టు నిలుపుకొన్న వర్తకుడు మరియొకడు కనబడును. మొదటివాని కేక సంత యంతయు వినబడును. కాని కొనువారు రెండవవాని యొద్దకే పోవుదురు. ఏలయనగా, గతవారము అతనియొద్ద సరకు కొన్నవారు ఇంటికిపోయి అది మంచిదని ఇరుగుపొరుగులతో చెప్పియుందురు. కేక వేరు, పేరు వేరు. కేకను డబ్బిచ్చి వేయింపవచ్చును. పేరును మాత్రము సంపాదించుకొనవలయును.

నేడు సంత ఇంటర్నెట్టులోనికి కూడ ప్రవేశించినది. హోసూరు రోజాతోటల వారు, కృష్ణగిరి మామిడిగుజ్జు కార్ఖానాల వారు, చిన్న వర్క్‌షాపులు నడుపువారు, తుదకు పాఠశాలల వారు సైతము వెబ్‌సైట్లు పెట్టుకొనుచున్నారు. వెబ్‌సైటు పెట్టిన కొలది దినములకే ఒక ఈమెయిలు వచ్చుట వాడుకయైనది. "ఇంత రుసుము చెల్లింపుడు, మీ వార్తను మూడువందల వార్తా వెబ్‌సైట్లలో వేయింతుము, మీ వెబ్‌సైటునకు జనము వెల్లువగా వత్తురు" అని దాని సారాంశము.

తల్లిదండ్రులలో కొందరు ఈ విషయమునే మమ్ము అడిగిరి. "తెలుగు మాధ్యమమున చేరు పిల్లలు ఏటేట తగ్గుచున్నారు గదా! తలా కొంత వేసికొని మన బడిని గూర్చి అట్టి ప్రకటన యొకటి వేయించినచో, వెబ్‌సైటు చూచి నలుగురు పిల్లలైన చేరరా?" అని వారి ప్రశ్న. ప్రశ్న మంచిదే; దాని వెనుకనున్న ఆవేదన యెట్టిదో మేమెరుగుదుము. కాని వేసికొనవలసిన డబ్బు పూలు కోసియు, మిషనుల యొద్ద రాత్రి షిఫ్టు చేసియు సంపాదించిన డబ్బు. కావున తొందరపడి ఔనని గాని, కాదని గాని చెప్పక, ఈ వ్యవహారము ఎట్లు నడచునో మొదటినుండి విచారింతము.

పత్రికా ప్రకటన యనగా నేమి?

ఒక సంస్థ తన విషయమును తానే వ్రాసి, "దీనిని మీ పాఠకులకు తెలుపదగునేమో చూడుడు" అని పత్రికలకు పంపు కాగితమే పత్రికా ప్రకటన. ఇది వాణిజ్య ప్రకటన కాదు. వాణిజ్య ప్రకటనకు స్థలమును కొందుము. పత్రికా ప్రకటనకు సంపాదకుని అనుమతిని కోరుదుము. రెంటికిని గల ఈ భేదమును విద్యార్థులు బాగుగా గుర్తుంచుకొనవలయును. తరువాత చెప్పబోవునదంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

ఈ పద్ధతి పుట్టుకను గూర్చి చెప్పునప్పుడు పలువురు ఐవీ లీ అను అమెరికా దేశస్థుని పేర్కొందురు. 1906 అక్టోబరు 28న అట్లాంటిక్ సిటీ యొద్ద పెన్సిల్వేనియా రైల్వే కంపెనీ రైలొకటి వంతెనపైనుండి నీటిలో పడగా 50 మందికి పైగా మరణించిరి. ఆ కాలపు కంపెనీలు ఇట్టి ప్రమాదములను కప్పిపుచ్చుటకే చూచెడివి. ఆ కంపెనీ తరఫున పనిచేయుచుండిన ఐవీ లీ అట్లు చేయలేదు. జరిగినదానిని వ్రాతపూర్వకముగా పత్రికలకు తెలిపి, విలేఖరులు ప్రమాదస్థలమునకు పోయి చూచుటకు ఏర్పాటు చేయించెను. అదే సంవత్సరమున అతడు తన పనిని గూర్చిన నియమములను కూడ పత్రికలకు పంపెను. తాము పంపునది వార్తయే కాని వాణిజ్య ప్రకటన కాదనియు, అది డబ్బు పుచ్చుకొని వేయదగినదని తోచినచో దానిని వాడుకొనవద్దనియు వాని తాత్పర్యము.

పిదప ఇట్టి ప్రకటనలను ఒకేమారు అనేక పత్రికా కార్యాలయములకు తంతి యంత్రముల ద్వారా చేరవేయు సంస్థలు వెలసెను. అమెరికాలో పి.ఆర్. న్యూస్‌వైర్ 1954లోను, బిజినెస్ వైర్ 1961లోను స్థాపింపబడినవి. పంపువాడు ఈ సంస్థలకు రుసుము చెల్లించెడివాడు. ఆ రుసుము చేరవేతకే గాని అచ్చుకు కాదు. పంచాయతీకి అర్జీని రిజిస్టరు పోస్టులో పంపిన, తపాలా రుసుము మన ముత్తరము చేరుటకే గాని మన కోరిక తీరుటకు కాదు గదా! పత్రికా కార్యాలయమున ఒక ఉపసంపాదకుడు కూర్చుండి, వచ్చిన కాగితములలో పాఠకులకు పనికివచ్చు వానిని ఏరి, తక్కినవి చెత్తబుట్టలో వేసెడివాడు. ఆ జల్లెడయే పత్రికా ప్రకటనకు విలువ తెచ్చినది.

జల్లెడ పోయిన తరువాత

ఇంటర్నెట్టు వచ్చిన పిమ్మట ఈ క్రమము మారినది. 1997లో పి.ఆర్.వెబ్ అను సంస్థ మొదలైనది. అటుపై అట్టివి అనేకము పుట్టెను. ఇవి ప్రకటనను విలేఖరులకు పంపుటయే కాక, నేరుగా వెబ్‌సైట్లలో పాఠకుల యెదుట పెట్టసాగినవి. కొన్ని వార్తా వెబ్‌సైట్లు ఇట్టి ప్రకటనల కొరకు ఒక ప్రత్యేక విభాగమును ఏర్పరచి, ఒప్పందము ప్రకారము వచ్చినవానిని వచ్చినట్లే అందు నింపుచున్నవి. అడుగున చిన్న అక్షరములలో, ఇది ఒప్పందముపై వచ్చిన ప్రకటన యనియు, దీనికి తమ సంపాదకవర్గము బాధ్యత వహింపదనియు వ్రాసియుండును.

ఇప్పుడు "మూడువందల వార్తా వెబ్‌సైట్లు" అను మాటకు అర్థము తెలియుచున్నది. మూడువందలమంది సంపాదకులు మన వార్తను చదివి మెచ్చిరని కాదు. ఒకే కాగితమునకు మూడువందల నకళ్లు తీసి, జనము నడువని మూడువందల సందులలో గోడల కంటించిరని మాత్రమే. వార్తాపత్రిక మొదటిపుటను చూచువాడు ఆ ప్రత్యేక విభాగములోనికి పోవుట బహు అరుదు. మొదటిపుటనుండి దానికి దారియే లేకపోవుటయు కద్దు.

డబ్బు చెల్లించువారు ఆశించునవి ముఖ్యముగా రెండు. ఒకటి, ప్రకటన చదివినవారు లింకుపై నొక్కి నేరుగా వెబ్‌సైటునకు వత్తురని. రెండు, అన్ని చోట్ల లింకులుండుటచే గూగుల్ మన వెబ్‌సైటును వెతుకులాటలో పైకి తెచ్చుననియు, అందుచే జనము నిత్యము వత్తురనియు. మొదటి ఆశ ఏల నిరాశయగునో పైన చెప్పితిమి. చదువువారే లేనిచోట నొక్కువా రెక్కడివారు? రెండవ ఆశను గూర్చి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది.

లింకు ఓటు వంటిది

1998లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థులైన లారీ పేజ్, సెర్గే బ్రిన్ అనువారు గూగుల్ సంస్థను స్థాపించిరి. వారి పద్ధతికి మూలమైన ఊహ సులభమైనది. ఒక వెబ్‌సైటు మరియొక వెబ్‌సైటునకు లింకు నిచ్చుట, "అక్కడ చూడదగిన విషయ మున్నది" అని ఓటు వేయుట వంటిది. పదిమంది మన్నించు వెబ్‌సైటు వేసిన ఓటునకు విలువ యెక్కువ. ఎవరు నెరుగని వెబ్‌సైటు వేసిన ఓటునకు విలువ తక్కువ. ఇట్లు ఓట్లను తూచి, ఏది ముందు చూపవలయునో గూగుల్ నిర్ణయించును. నేడు ఆ నిర్ణయమునకు ఇతర గుణములను కూడ లెక్కించుచున్నను, లింకు విలువ పూర్తిగా పోలేదు.

ఓటునకు విలువ యున్నచోట ఓటును కొనువారును పుట్టుదురు. లింకుల విషయమునను అదే జరిగెను. ఊరు పేరు లేని విషయములపై పత్రికా ప్రకటనలు వ్రాసి, వానినిండ లింకులు క్రుక్కి, వందల వెబ్‌సైట్లలో వేయించుట ఒక వ్యాపారమయ్యెను. దీనిని అరికట్టుటకు శోధన యంత్రముల వారు ఒకదాని తరువాత ఒకటిగా కట్టుదిట్టములు చేసిరి.

2005 జనవరిలో "నోఫాలో" అను గుర్తును ప్రవేశపెట్టిరి. ఆ గుర్తు గల లింకును ఓటుగా లెక్కింపనక్కరలేదని దాని భావము. 2012లో, అప్పుడు గూగుల్‌లో మోసపు పద్ధతులను అరికట్టు విభాగమునకు పెద్దగా నుండిన మాట్ కట్స్, పత్రికా ప్రకటనల వెబ్‌సైట్ల లింకులు వెతుకులాటలో స్థానమును పెంచునని ఆశింపవద్దని తెలిపెను. 2013 జూలైలో గూగుల్ తన నియమములను సవరించి, ఇతర వెబ్‌సైట్లకు పంచిపెట్టు పత్రికా ప్రకటనలలో కావలెనని పేర్చిన పదములతో లింకులు పెట్టుటను అక్రమ పద్ధతుల పట్టికలో చేర్చెను. 2014 మేలో "పాండా" అను ఏర్పాటును నవీకరించినప్పుడు, పెద్ద పత్రికా ప్రకటనల వెబ్‌సైట్లే వెతుకులాటలో వెనుకబడిపోయినవి. 2019 సెప్టెంబరులో "స్పాన్సర్డ్" అను మరియొక గుర్తు వచ్చినది. ఇది డబ్బు పుచ్చుకొని పెట్టిన లింకని అది తెలుపును. 2024 మార్చిలో, మంచి పేరున్న వెబ్‌సైట్లు తమ పేరును ఇతరులకు అద్దెకిచ్చినట్లు పరుల సరకును నింపుకొనుటపై కూడ గూగుల్ కొత్త నియమము ప్రకటించెను.

కావున నేడు డబ్బిచ్చి వేయించు ప్రకటనలోని లింకు సాధారణముగా చెల్లని ఓటు. పేరున్న పంపిణీ సంస్థలు తామే ఆ లింకులకు "నోఫాలో" గుర్తు తగిలించుచున్నవి. గుర్తు తగిలింపకుండ "నిజమైన ఓటే యిప్పింతుము" అని చెప్పువాడు ఎవడైన నున్నచో, వానికి ఇంకను దూరముగా నుండవలయును. నియమమును మీరిన లింకుల వలన మన వెబ్‌సైటే వెనుకకు పోవు ప్రమాదము కలదు.

ఇంకొక చిక్కు కూడ ఉన్నది. ఒకే పాఠము అక్షరము మారక వందచోట్ల నున్నచో, శోధన యంత్రము వానిలో ఒకదానిని మాత్రము తీసికొని తక్కినవానిని సాధారణముగా ప్రక్కన పెట్టును. ఒకే బాలుడు ఒకే లెక్కను వంద పలకలపై వ్రాసి చూపినను, గురువుగారు మార్కు లిచ్చునది ఒకమారే గదా!

లెక్క వేసి చూతము

మాటలకంటె లెక్క మేలు. ఇది ఊహించి చెప్పు లెక్కయే. ఎవరి జరిగిన కథయు కాదు. హోసూరు ప్రక్కన రోజాతోట గల రైతొకడు ఫిబ్రవరి నెల బేరమునకు ముందు 15,000 రూపాయలిచ్చి ప్రకటన వేయించె ననుకొందము. సంస్థవారు మూడువందల లింకుల పట్టికను పంపిరి. ఆ లింకుల ద్వారా నెల దినములలో 60 మంది వెబ్‌సైటునకు వచ్చిరనుకొందము. అనగా ఒక్కొక్కరి రాకకు 250 రూపాయలు పడినది. వారిలో ముగ్గురు ఫోను చేసి ధర లడిగినచో, ఒక్కొక్క విచారణకు 5,000 రూపాయలు. ఒక్కడు కొన్నచో, ఆ యొక్క బేరమునకు 15,000 రూపాయలు. ఆ బేరమున అంతకు మించిన లాభము మిగిలిననే ఖర్చు సార్థకము. అదే సొమ్ముతో పూల వర్తకులకు నమూనా కట్టలు పంపియుండిన ఎందరు వచ్చియుందురో రైతు తానే పోల్చి చూచుకొనవలయును.

ఈ లెక్కకు కావలసినది వచ్చినవారు ఏ దారిన వచ్చిరో తెలియుట. అది కష్టము కాదు. ప్రకటనలో ఇచ్చు వెబ్‌సైటు చిరునామా చివర ఒక ప్రత్యేకమైన ఆనవాలు తగిలించినచో, ఆ దారిన వచ్చినవారి సంఖ్య వెబ్‌సైటు లెక్కల పుస్తకములో వేరుగా కనబడును. పదవ తరగతి విద్యార్థి ఒక సాయంత్రములో నేర్వదగిన పని యిది.

రుసుము అడుగువారిని నాలుగు ప్రశ్నలు అడుగుడు. మా ప్రకటన ఏయే వెబ్‌సైట్లలో, ఏ విభాగమున వచ్చును? ఆ విభాగమును నెలకు ఎందరు చదువుదురు? లింకులకు ఏ గుర్తు తగిలింతురు? ఇంతకు ముందు వేయించినవారికి ఆ దారిన వచ్చిన పాఠకు లెందరు? నాలుగింటికిని స్పష్టమైన సమాధాన మీయనివారికి డబ్బు ఈయవద్దు. "ఇంతమందికి చేరు నవకాశము కలదు" అని కోట్ల సంఖ్య చెప్పుదురు. ఆ వెబ్‌సైట్లను చూచు జనులందరి మొత్తమునే వారట్లు చెప్పుట వాడుక. మన ప్రకటనను చదివినవారి సంఖ్య యది కాదు. హోసూరు బస్సు స్టాండులో గోడకు కాగిత మంటించి, అక్కడ బస్సు లెక్కినవారందరు దానిని చదివిరని చెప్పుట వంటిదే యిది.

ఎప్పుడు ప్రయోజనము?

పత్రికా ప్రకటన ఎల్లప్పుడు వ్యర్థమని మేము చెప్పుటలేదు. నిజమైన వార్త యున్నప్పుడు అది పనికివచ్చును. 2020 డిసెంబరులో ఓలా ఎలక్ట్రిక్ సంస్థ తమిళనాడు ప్రభుత్వముతో ఒప్పందము చేసికొని, 2,400 కోట్ల రూపాయలతో విద్యుత్ స్కూటర్ల కార్ఖానా స్థాపింతుమని ప్రకటించెను. ఆ కార్ఖానా మన పోచంపల్లి ప్రాంతముననే వెలసినది. దేశమందలి పత్రికలు ఆ ప్రకటనను ఆధారము చేసికొని తమ విలేఖరులచే వార్తలు వ్రాయించినవి. స్థలమెక్కడ, ఉద్యోగము లెన్ని, పని ఎప్పుడు మొదలు అను ప్రశ్నలు పాఠకులకు ఉన్నవి గనుకనే అట్లు వ్రాసినవి. అక్కడ ప్రకటన నిప్పురవ్వ. ఎండుగడ్డి ముందే సిద్ధముగా నున్నది. గడ్డి లేనిచోట ఎన్ని రవ్వలు విసరినను మంట పుట్టదు.

వాటాలు అమ్మిన పెద్ద కంపెనీలు తమ ముఖ్య విషయములను చట్టప్రకారము అందరికి ఒకేమారు తెలుపవలసియుండును. దూరదేశపు వర్తకులకు సరకు పంపు సంస్థలకు, తమ పేరు వెతికినవారికి నాలుగు మాటలు కనబడుట అవసరము కావచ్చును. అట్టివారికి పంపిణీ సంస్థల సేవ కొంత ఉపయోగకరమే. కాని వారును వెబ్‌సైటునకు జనము వత్తురని కాక, తమ మాట నమోదగుటకే డబ్బు చెల్లింతురు. ఆ యుద్దేశము వేరు, మనది వేరు.

మనవారొకరి త్రోవ

ప్రచారమును గూర్చి నేర్చుకొనుటకు మనము పరదేశమునకే పోనక్కరలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము వ్యాపారము నారంభించిరి. తెలుగుదేశమునకు దూరముగా, తమ పేరెరుగనివారి నడుమ ఆ మందును అమ్మవలసివచ్చెను. వారు సంగీత సభలు జరుగుచోట అమృతాంజనమును ఉచితముగా పంచిరని ప్రసిద్ధి. తలనొప్పి తగ్గినవాడు ఆ పేరును మరచునా? వాడే వారికి విలేఖరి, వాడే పంపిణీ సంస్థ. ఆ వ్యాపారపు రాబడితో వారు 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసునుండి దినపత్రికగా నడపిరి. 1924లో భారతి మాసపత్రికను వెలువరించిరి. తెలుగువారు తక్కువగానున్న నగరమున పుట్టి, తెలుగువారందరి పత్రికయైనది అది. సరకును ముందు చేతిలో పెట్టి, పేరు దానియంతట పెరుగనిచ్చిన పద్ధతి నేటికిని చెల్లును.

వార్తకును ప్రకటనకును నడుమ గోడ కూలినచో ఏమగునో కూడ మనవారే చూచిరి. 2009 ఎన్నికలలో అభ్యర్థులనుండి డబ్బు పుచ్చుకొని, వారి పొగడ్తలను వార్తలుగా అచ్చువేయు ఆచారము ఆంధ్రప్రదేశ్‌లోను, ఇతర రాష్ట్రములలోను బయటపడినది. తెలుగు పాత్రికేయుడైన కె. శ్రీనివాసరెడ్డిగారితోను, పరంజయ్ గుహా ఠాకుర్తాగారితోను కూడిన ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘము దీనిని విచారించి 2010లో నివేదిక సమర్పించెను. కౌన్సిల్ మొదట సంగ్రహమునే ప్రకటించినది. కేంద్ర సమాచార కమిషన్ ఆజ్ఞపై 2011లో పూర్తి నివేదిక వెలుగుచూచినది. డబ్బిచ్చినట్లు చెప్పక వార్త వలె వేయించుట పాఠకుని మోసగించుటయే. కావున మన విషయమై యెవరైన "ఇది ప్రకటన యని కనబడకుండ వేయింతుము" అని చెప్పినచో, ఖర్చు తక్కువైనను ఒప్పుకొనరాదు.

మరి మన బడి సంగతి?

ఇప్పుడు తల్లిదండ్రుల ప్రశ్నకు వత్తము. మన బడిలో తన బిడ్డను చేర్పదగిన తల్లి యెక్కడ నున్నది? బాగలూరులోనో, బేరికెలోనో, వేపనపల్లి ప్రక్క పల్లెలోనో ఉన్నది. మూడువందల ఇంగ్లీషు వెబ్‌సైట్ల మూలలలో వేసిన ప్రకటన ఆమెకు చేరదు. ఆమె చేతిలోని ఫోనులో ఆమె వెతుకునది తన ప్రశ్నకు సమాధానము. ఆ ప్రశ్న యెట్టిది?

2006 నాటి తమిళ అభ్యాస చట్టము ప్రకారము, తమిళము తప్పనిసరియగుట ఒకటవ తరగతితో మొదలై, ఏటేట పైకి పోయి 2015-16లో పదవ తరగతికి చేరినది. అప్పటినుండి అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు పదవ తరగతి పరీక్షలో తమిళ పత్రమునుండి మినహాయింపు కొరకు న్యాయస్థానముల నాశ్రయించుచు వచ్చిరి. "తెలుగులో చదివిన మా పిల్ల పదవ తరగతిలో ఏయే పరీక్షలు వ్రాయవలయును? తరువాత పాలిటెక్నిక్‌లో గాని కాలేజీలో గాని చేరగలదా? హోసూరు కార్ఖానాలలో పని దొరకునా?" ఇవి తల్లిదండ్రుల ప్రశ్నలు. వీనికి సరియైన సమాధానములను తెలుగులో, తమిళములో, ఇంగ్లీషులో మన వెబ్‌సైటున వ్రాసి, ఉత్తరువులు మారినప్పుడెల్ల దిద్దుచుండినచో, వెతికినవారు మన యొద్దకే వత్తురు. ఈ ప్రాంతపు తెలుగు విద్యార్థుల సంగతులను తెలుగులో వ్రాసి పెట్టినవారు తక్కువ. అందరు అరచు సంతలో మన కేక వినబడదు గాని, ఎవరు మాట్లాడని చోట మెల్లగా చెప్పిన మాటయు వినబడును. చిన్న భాషా సమాజమునకు గల సౌకర్య మిదియే.

ఈ పనికి రుసుము లేదు. గూగుల్ పటములో బడి పేరు, వేళలు, ఛాయాచిత్రములు చేర్చుట ఉచితము. హోసూరు, కృష్ణగిరి విలేఖరులకు నిజమైన వార్త కలిగినప్పుడు ఒక పుట వ్రాసి పంపుట ఉచితము. ఆ పుటలో ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏల అను అయిదింటికి సమాధానము మొదటి రెండు వాక్యములలోనే ఉండవలయును. పొగడ్త ఒక్కటియు ఉండరాదు. అడుగున ఫోను నెంబరు ఉండవలయును. సంపాదకుడు వేసికొనిన సంతోషము. వేయనిచో మరల నిజమైన వార్త కలిగినప్పుడు పంపుదము. 2003నుండి నడచుచున్న తెలుగు వికీపీడియాలో మన ఊళ్లను, గుళ్లను, చెరువులను గూర్చి విద్యార్థులు వ్రాయవచ్చును. అయితే అక్కడ స్వతంత్రమైన ఆధారము కావలయును. తనను గూర్చి తాను వేయించుకొన్న పత్రికా ప్రకటన అట్టి ఆధారముగా చెల్లదు. డబ్బిచ్చి వేయించినదానికి లోకము ఎంత విలువ నిచ్చునో దీనివలన కూడ తెలియుచున్నది.

అన్నిటికంటె ముఖ్యము, ఈ బడిలో చదివి నేడు కార్ఖానాలలో, కచేరీలలో, తోటలలో పనిచేయుచున్న మన పూర్వవిద్యార్థులు. "నేను తెలుగులో చదివితిని, నేడు ఈ పని చేయుచున్నాను" అని వారు తమ వీధిలోని తల్లితో చెప్పు ఒక్క మాట మూడువందల లింకులకు సాటిరాదా? మూడువందల లింకులే ఆ మాటకు సాటిరావని మా నమ్మకము.

కావున పెద్దలకు మా మనవి యిది: ప్రకటన కొరకు వేసికొనదలచిన సొమ్మును ఆపుడు. దానితో బడి గ్రంథాలయమునకు పుస్తకములు కొనుడు. లేదా దూరపు పల్లెల పిల్లలకు బస్సు ఖర్చులో కొంత భరింపుడు. అది జరిగిననాడు విలేఖరికి వ్రాయదగిన వార్త యొకటి మనకు కలుగును. విద్యార్థులకు మా మనవి యిది: వచ్చు ఆదివారము ఇంటియొద్ద ఒక వార్తా వెబ్‌సైటు తెరచి, అడుగు పుటలలో బాధ్యత వహింపమని చిన్న అక్షరములతో వ్రాసిన ప్రకటన నొకదానిని వెతికి పట్టుడు. వార్త యేది, డబ్బిచ్చిన మాట యేది అని మీ అమ్మకు, నాన్నకు చూపి చెప్పుడు. ఆ తరువాత రుసుము కోరుచు ఈమెయిలు వచ్చినచో, అడుగవలసిన నాలుగు ప్రశ్నలు వారికే తెలిసియుండును.